ఎర్ర టేపు సీసా

పదకొండో వారం

పోయిన వారం మనం కోడలు పిల్లను షెడ్డులో, పైకెత్తిన బానెట్ పక్కన నిలబెట్టి వచ్చేశాం. పాపం, వారం రోజులుగా అక్కడే నిలబడి ఉంది. ఎవరెవరు ఎక్కడున్నారో ఒకసారి చూసుకుని లోపలికి వెళ్దాం.

రెండేళ్ల కిందట, ఆస్పత్రి దగ్గరి వాలులో, ఆమె భర్త నడుపుతున్న పాత పికప్ బండికి బ్రేకులు పడలేదు. బండి రాతిగోడను గుద్దింది. అతను అక్కడికక్కడే పోయాడు. దానికి పదిహేను రోజుల ముందే ఆ బండికి బ్రేకులు చేసింది పానా బాబాయ్. చేతిలో పానా లేకుండా ఎవరూ చూసిన పాపాన పోలేదు గనక వీధంతా అతన్ని అలాగే పిలిచేది. కడుపుకోతతో ఉన్న తల్లి, అంటే మన కోడలి అత్తగారు, వీధి నడిమధ్య నిలబడి "వీడి చేతులే నా బిడ్డను మింగాయి" అంది. బిడ్డ పోయిన తల్లి మాటకు సాక్ష్యం ఎవరడుగుతారు? నెల తిరక్కుండా అతని షాపుకు బండ్లు రావడం మానేశాయి. ఆర్నెల్లకు షట్టరు దించేశాడు. ఇప్పుడు రోడ్డు పక్కన సైకిళ్లకు పంక్చర్లు వేసుకుంటున్నాడు.

ఆ బండినే కోడలు మళ్లీ లేవనెత్తుతోంది. ఆస్పత్రి దుప్పట్లు చలువ చేసే చోటికి చేరవేసి, ఉతికినవి తిరిగి అప్పగించే పని ఒకటో తారీకు నుంచి ఆమెకిస్తామన్నారు. సోమవారం నాటికి బండి ఫిట్‌నెస్ పరీక్షలో గట్టెక్కాలి. లేదంటే ఆ పని ఇంకొకరిది. ఆమె దగ్గరున్న డబ్బుకు బండి సగమే బాగవుతుందని ముగ్గురు మెకానిక్కులు మొహం మీదే చెప్పేశారు. నాలుగోవాడు పానా బాబాయ్. "నాకు కూలొద్దమ్మా, సామాన్లకు పెట్టుకో చాలు" అన్నాడు. అత్తగారు ఆ రోజు నుంచి షెడ్డు వైపు కిటికీ తలుపు తియ్యలేదు. మామగారు మాత్రం ఒక వింత షరతు పెట్టాడు. "ఇంజను చూసుకోండి, రేకు చూసుకోండి. బ్రేకుల మాస్టర్ సిలిండరు మాత్రం విప్పొద్దు. పాతది అలాగే పీకి పారెయ్యండి, కొత్తది నేను కొనిపెడతా."

ఇరవయ్యో తారీకు దాటితే పింఛను మిగలని మనిషి కొత్తది ఎక్కణ్ణుంచి కొంటాడు? శనివారం మధ్యాహ్నం దాకా చూసి, ఇక లాభం లేదని, పాతదే విప్పి రబ్బర్లు మార్చేద్దామని పానా బాబాయ్ పూనుకున్నాడు. సిలిండరు మీది ఆయిల్ డబ్బా మూత తిప్పి, వేలు ముంచి, ముక్కు దగ్గర పెట్టుకుని, అలాగే ఆగిపోయాడు. మనం వచ్చేసింది అక్కడే.

"ఏమైంది బాబాయ్?" అంది కోడలు.

"ఒక గ్లాసు నీళ్లు పట్రా తల్లీ. గాజు గ్లాసులో."

వంటింట్లో అత్తగారు పప్పులో రాళ్లు ఏరుతోంది. "నీళ్లెవరికి?" అంది తలెత్తకుండా.

"బాబాయ్‌కి."

"దాహమైతే వీధి కుళాయి లేదూ? మన గ్లాసులే కావాల్సొచ్చాయా ఆ మహానుభావుడికి?" అంటూనే లేచి, గూట్లోంచి గాజు గ్లాసు తీసి, అంచు వెంట వేలు తిప్పి కడిగి, నిండా నీళ్లు పోసి ఇచ్చింది. నోటికీ చేతికీ పొంతన లేని మనిషి ఆవిడ. రెండేళ్లలో ఆ ఇంట్లోంచి అతనికి వెళ్లిన మొదటి గ్లాసు అది. అందుకని కోడలికి కాస్త సంతోషం కూడా వేసింది.

ఆ సంతోషం షెడ్డు గుమ్మం దాకా నిలిచింది.

పానా బాబాయ్ నీళ్లు తాగలేదు. గ్లాసును బండి ముందు రేకు మీద పెట్టాడు. ఆ రేకు మొన్ననే ఆమె తన చేత్తో గరుకు కాగితం పెట్టి రుద్ది, గేటుకు వెయ్యగా మిగిలిన పచ్చరంగు పూసింది. కొత్తగా కొన్న బ్రేక్ ఆయిల్ డబ్బాలోంచి ఒక చుక్క నీళ్లలో వేశాడు. చుక్క తీగలా దిగి, కలిసిపోయి, కనబడకుండా పోయింది.

"చూశావుగా? బ్రేక్ ఆయిల్ నీళ్లలో కలిసిపోద్ది. ఇప్పుడిది చూడు."

బండి డబ్బాలోంచి వేలితో తీసిన చుక్కను అదే గ్లాసులో విదిల్చాడు. అది మునగలేదు, కరగలేదు. గుండ్రంగా నీళ్ల మీద తేలుతూ గ్లాసు అంచుకు వెళ్లి అతుక్కుంది. ఇంకో చుక్క వేశాడు. అదీ అంతే. రెండూ దగ్గరకు జరిగి ఒకటయ్యాయి.

తర్వాత అతను సిలిండరు ఊడదీసి, పాత సంచి పరిచి, దాని మీద పెట్టి విప్పాడు. లోపలి రబ్బరు వాషర్లు బయటికి రామని మొరాయించాయి. పుల్ల పెట్టి తోస్తే వచ్చాయి. బొటనవేలి గోరంత ఉండాల్సినవి నానబెట్టిన గింజల్లా ఉబ్బి, అంచులు చితికిపోయి ఉన్నాయి. తొక్కిన పెడల్ బలాన్ని నాలుగు చక్రాలకూ పంపాల్సింది ఆ రబ్బర్లే. అవి ఉబ్బి ఇరుక్కుపోతే పెడల్ కింద ఎంత బలమైన కాలున్నా ఒకటే, లేకున్నా ఒకటే.

"ఇందులో ఎవరో మామూలు నూనె పోశారమ్మా. అది తగిల్తే ఈ రబ్బరు బతకదు. నాలుగైదు రోజులు... అంతే." అతను ఆ చిన్న రబ్బరు ముక్కను అరచేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. "నా బ్రేకులు సరిగ్గానే ఉన్నాయి. బిగింపులన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. చూడు తల్లీ, నువ్వే చూడు. నా బ్రేకులు సరిగ్గానే ఉన్నాయి."

బోర్లించిన రంగు డబ్బా మీద కూలబడ్డాడు. యాభై ఆరేళ్ల మనిషి, గ్రీజు చేతులతో మొహం కప్పుకుని, భుజాలు అదిరిపోయేలా ఏడ్చాడు. ఏడుపు ఆపుకునే ప్రయత్నం కూడా చెయ్యలేదు.

"ఏ బోల్టు వదిలేశానో అని రెండేళ్లుగా వెతుక్కుంటున్నానమ్మా. మీ అత్త తిట్టిన తిట్లకు కాదు. నిజంగానే నా చెయ్యి తప్పిందేమో అని. అన్నం ముందు కూర్చున్నా ఆ నాలుగు చక్రాలే విప్పుతా, బిగిస్తా. వాడికి క్లచ్ తొక్కడం నేర్పింది నేను. నా చేత్తో వాణ్ణి..."

కోడలు అతని పక్కనే నేల మీద కూర్చుంది. ఆ నేల మీద కూర్చోవడం ఆమెకు అలవాటే. మూడు నెలలుగా ఆ బండి కిందే ఉంది. తుప్పు తిన్న అడుగురేకు కోసేసి పాత డ్రమ్ము రేకుతో మాటు వేయించింది. సీటుకు టార్పాలిన్ గుడ్డ తనే మిషన్ మీద కుట్టింది. పాత సామాన్ల దుకాణంలో దొరికిన ఎడమ తలుపు అద్దం కాస్త నీలంగా ఉంటే, "పోనీలే, ఒక కన్నుకు కాటుక" అని నవ్వుకుంది. ఈ బండి లేస్తే తనూ లేస్తానని నమ్మింది. బండి మాత్రం లేస్తూ లేస్తూ కడుపులో దాచుకున్నదంతా కక్కుతోంది.

"ఎవరు పోసుంటారు బాబాయ్? ఆయనే పొరపాటున..."

"వాడా?" పానా బాబాయ్ తల అడ్డంగా ఊపాడు. "వాడు చచ్చినా పొయ్యడు. నా షాపులో పాకాడు వాడు. నా దగ్గర ఏ సీసాకైనా మెడకు టేపు ఉంటుందిగా? ఎరుపు బ్రేకుకి, నలుపు ఇంజనుకి, తెలుపు గేరుకి. ఏ కుర్రాడూ ఒకదానికొకటి పోసి కొంప ముంచకూడదని పెట్టుకున్న పద్ధతి. అక్షరాలు రాకముందే వాడికి టేపులొచ్చు. బ్రేకులు చేసిన రోజు మిగిలిన ఆయిల్ ఎర్ర టేపు సీసాలో పోసి నేనే ఇచ్చా. వారానికోసారి చూసుకో, తగ్గితే పోసుకో అన్నా. ఆ సీసా తప్ప ఇంకో సీసా ముట్టుకోడు."

కోడలు ఆ మాటలు వింటూనే, ఎందుకో తెలియకుండానే, సంచి మీద కారిన నూనెను వేలికి తీసుకుంది. బొటనవేలితో రాసి చూసింది. పలచగా, రంగు లేకుండా, జారుగా ఉంది. ఆ జారుడు ఆమె వేళ్లకు కొత్త కాదు. దాని మరకలు పెళ్లి జాకెట్ల మీద పడితే సుద్దపొడి చల్లి తీసిన వేళ్లవి. వాసన చూడాల్సిన పనే లేకపోయింది, అయినా చూసింది.

"బాబాయ్, ఇది మిషన్ ఆయిల్."

"ఏ మిషన్?"

"నా కుట్టుమిషన్." ఆమె వేలు కొంగుకు తుడుచుకుంది. "మా ఇంట్లో ఏ సీసా పారెయ్యం బాబాయ్. ఖాళీ అయితే కడిగి ఇంకేదో పోసుకుంటాం. పెద్ద డబ్బాలో విడి నూనె కొంటాను నేను. నేనే కొంటాను..."

సాయంత్రం తిరిగొస్తా, ఆ నీలం చొక్కాకు గుండీ కుట్టి పెట్టు అని వెళ్లిన మనిషి. ఆ గుండీ ఇప్పటికీ ఆమె సూదిపెట్టెలోనే ఉంది. తన మిషన్ నూనె, తన మొగుడి బండిలో. ఏడుపు రాలేదు.

"నువ్వు కాదమ్మా."

గుమ్మంలో మామగారు నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. ఆయన ముప్పై ఏళ్లు లారీల కాటా దగ్గర గుమస్తాగా చేసి రిటైరైన మనిషి. ఒక్కో మాట తూచి గాని బయట పెట్టడని ఊళ్లో పేరు. చంకలో పాత తువ్వాలు చుట్టిన పొట్లం ఉంది. దాన్ని తెచ్చి ముందు రేకు మీద, గ్లాసు పక్కన పెట్టి విప్పాడు. సన్నమూతి సీసా. అడుగున ఒక అంగుళం నూనె. మెడకు వెలిసిపోయిన ఎర్ర టేపు.

పానా బాబాయ్ లేచి నిలబడ్డాడు. "అన్నా. ఇది నీ దగ్గర..."

"బండికి తాడు కట్టి ఇంటికి లాక్కొచ్చిన రోజు. సీటు కింద దొరికింది."

"నీకప్పుడే తెలుసా?"

"వాసన చూశా. తెలిసింది."

పానా బాబాయ్ కొట్టేస్తాడేమోనని కోడలు భయపడింది. అతను కొట్టలేదు. చాలా నెమ్మదిగా అడిగాడు. "నా షట్టరు దిగిన రోజు నువ్వు ఎదురుగా టీకొట్లో కూర్చునున్నావు అన్నా. చూశా నేను. అప్పుడూ తెలుసన్నమాట."

"తెలుసు."

"మామయ్యా!" కోడలు అరిచింది. ఆ ఇంట్లో అడుగుపెట్టాక ఆయన ముందు గొంతు పెంచడం అదే మొదలు. "బాబాయ్ షాపు మూతపడ్డాక పిన్ని నాలుగిళ్లలో అంట్లు తోముతోంది తెలుసా? వీధిలో పిల్లలు కూడా బాబాయ్‌ని చూసి బ్రేకుల్లేని బండొచ్చిందని అరుస్తారు. అన్నీ చూస్తూ నోరు కుట్టేసుకుని ఎలా కూర్చున్నారు? నా కోసమా? నేను పోశానని తెలిస్తే నన్నేమంటారోనని దాచారా? నాకక్కర్లేదు అలాంటి దయ."

"నువ్వు కాదని చెప్పానుగా." ఆయన ఇంటి వైపు చూశాడు. మూసి ఉన్న వంటింటి కిటికీ వైపు. "నూనె కొనేది నువ్వే. మిషన్‌కి పోసేది ఎవరు తల్లీ?"

ఆ మిషన్ అసలు అత్తగారిది. కళ్లు మసకబారాక కోడలికిచ్చింది గాని దాని మీద మమకారం వదులుకోలేదు. ప్రతి శుక్రవారం మిషన్‌కు ఆయిల్, ఆదివారం కోడలి తలకు నూనె, ఈ రెండూ ఆవిడ ఇంకెవరికీ వదలదు. అక్షరం ముక్క రాని మనిషి. ఎర్ర టేపు అంటే ఆవిడకు సీసా జారకుండా చుట్టిన పట్టీ, అంతే. కొడుకు వాడేసి కిటికీలో పెట్టిన ఖాళీ సీసాను, మూతి సన్నగా ఉంది చుక్క చుక్కగా పడుతుందని ముచ్చటపడి కడిగి ఉంటుంది. నింపి, మళ్లీ అదే కిటికీలో పెట్టి ఉంటుంది. కొడుకు వచ్చి, ఎర్ర టేపు చూసి, బాబాయే మళ్లీ నింపి పంపాడనుకుని పట్టుకెళ్లి ఉంటాడు. ఎవరూ ఏ తప్పూ చెయ్యలేదు. అదే కోడలికి భరించరాని మాటగా అనిపించింది.

"వాడు పోయాక పదకొండు రోజులు ఆవిడ మెతుకు ముట్టలేదు, నీకు గుర్తుండే ఉంటుంది" అన్నాడు మామగారు, పానా బాబాయ్ వైపు తిరిగి. "పన్నెండో రోజు నిన్ను తిట్టడానికి లేచింది తమ్ముడూ. తిట్టి వచ్చి అన్నం తింది. ఆవిడ బతికింది అన్నం మీద కాదు, నీ మీద కోపం మీద. ఆ కోపం లాగేసి చేతిలో ఈ సీసా పెడితే ఏమవుతుంది? ముప్పై ఏళ్లు కాటా పట్టాను, ఒక్కనాడు దొంగతూకం వెయ్యలేదు. ఆ ఒక్కసారే వేశా. ఒక పక్క నీ షాపు, ఒక పక్క నా భార్య ప్రాణం."

"నా షాపు ఎంత తూగింది అన్నా?"

మామగారు తల దించుకుని, చేతులు జోడించబోతే, పానా బాబాయ్ ఆ చేతులు పట్టుకుని కిందికి దించేశాడు.

కోడలికి మామగారి మీద కోపం రావాలి. వచ్చింది కూడా. ఆ కోపం వెనకే, మొన్న ఆదివారం తన తల దువ్వుతూ "నువ్వూ పోతే నేనేమైపోతానే" అన్న అత్తగారి వేళ్లు గుర్తొచ్చాయి. పుట్టింట్లో ఎవరూ మిగలని పిల్లకు ఆ వేళ్లే ఇల్లు. ఒక పక్క బాబాయ్ పరువు, ఒక పక్క ఆవిడ ఊపిరి. మామగారి కాటా ఇప్పుడు ఆమె చేతికొచ్చింది.

ఆమె సీసా అందుకుంది. "నేను చెబుతా. నేనే పోశానని చెబుతా. నూనె కొన్నది నేనే, మిషన్ నాదే. నమ్ముతుంది. బాబాయ్ పేరు బాగుపడుతుంది. అత్తయ్యకు అసలు సంగతి తెలియదు."

"అప్పుడు నిన్ను ఇంట్లో ఉండనిస్తుందా?" అన్నాడు మామగారు.

"ఉండనివ్వకపోతే పోతా. బండి ఉందిగా."

"వద్దు తల్లీ." పానా బాబాయ్ గొంతు గట్టిపడింది. "ఒక అబద్ధం నన్ను తిన్నది చాలదూ? దాని ముందు నిన్ను కూడా పెట్టమంటావా?"

"మరి నీ మాటేమిటి బాబాయ్? సైకిల్ ట్యూబులు చూసుకుంటూ పోతావా?"

అతను నోరు విప్పేలోపు పెరట్లో చెప్పుల చప్పుడైంది.

అత్తగారు. పళ్లెంలో మూడు టీ గ్లాసులు. షెడ్డులోకి ఆవిడ అడుగుపెట్టి రెండేళ్లయింది. గుమ్మంలో ఒక్క క్షణం ఆగి బండిని చూసింది. పచ్చరంగు, టార్పాలిన్ సీటు, నీలం అద్దం. పెదవి బిగపట్టి, చూపు తిప్పుకుని, పళ్లెం ముందుకు చాచింది.

"ఎక్కువ కలిసిపోయింది. పారబోయలేక తెచ్చా. అంతేగాని ఎవరికీ మర్యాదలు చెయ్యడానికి కాదు" అంది పానా బాబాయ్‌ని కాకుండా గోడను చూస్తూ.

కోడలు సీసాను వెనక్కి దాచుకోబోయింది. ఆ కదలికే ఆవిడ కంట్లో పడింది.

"ఇదెక్కడ దొరికిందే నీకు!" ఆవిడ మొహం విప్పారింది. ఎన్నాళ్లకో అలా విప్పారింది. పళ్లెం ముందు రేకు మీద పెట్టేసి సీసా లాక్కుంది. "నా మిషన్ నూనె సీసా! ఇల్లంతా గాలించాను. దీని మూతి చూశావా ఎంత సన్నమో, రంధ్రంలో చుక్క చుక్కే పడుతుంది. కడిగి నింపి కిటికీలో పెట్టానా, మర్నాటికి మాయం. వాడు గానీ తీశాడేమో అడుగుదామనుకున్నా. అడిగే లోపే..."

మాట అక్కడితో తెగింది. టేపును బొటనవేలితో నిమిరి, సీసాను కొంగులో చుట్టి నడుము దగ్గర దోపుకుంది. పోయిన వస్తువుల్లో ఒక్కటైనా దొరికిందన్నట్టు.

మామగారు కళ్లు మూసుకున్నాడు.

ఆవిడ కళ్లు తుడుచుకుని, రెండేళ్లలో మొదటిసారి పానా బాబాయ్ మొహంలోకి సూటిగా చూసింది. విప్పి ఉన్న సిలిండరును చూసింది, సంచి మీది రబ్బరు ముక్కలను చూసింది.

"విప్పావుగా" అంది. గొంతులో తిట్టు లేదు. అలసట ఉంది. "ఇన్నాళ్లూ నోరు పారేసుకున్నాను. ఇక ఓపిక లేదయ్యా. పిల్లకు బండి బాగుచేసి పెడుతున్నావు, నాకు కళ్లు లేవా? అందుకని ఒక్క మాట అడుగుతున్నా. నా బిడ్డ బ్రేకులు ఎందుకు పడలేదో నా మొహం చూసి చెప్పు. చెయ్యి తప్పింది వదినా అను చాలు. వీధిలో నేనే చెబుతా, నిన్ను క్షమించానని. నీ షట్టరు నేనే దగ్గరుండి తీయిస్తా."

ఆవిడ టీ గ్లాసు తీసి తన చేత్తో అతనికి అందించింది.

పానా బాబాయ్ గ్లాసు అందుకున్నాడు. తాగలేదు. కోడలి వైపు చూశాడు. చెప్పమని తల ఊపిందో, వద్దని ఊపిందో ఆమెకే తెలియదు. అతను ఆవిడ నడుము దగ్గర కొంగులోంచి కనబడుతున్న ఎర్ర టేపును చూశాడు.

"వదినా," అన్నాడు, "ఆ రోజు..."